తుపాను కొండకూ వస్తుంది.. ఇంటిని ముందే సిద్ధం చేసుకోవాలి

గుమ్మలక్ష్మీపురం: తుపాను అనగానే అందరి చూపూ సముద్రతీరం వైపే మళ్లుతుంది. వేటకు వెళ్లిన పడవలు, కొబ్బరితోటలు, తీర గ్రామాల ఆశ్రయ భవనాలు గుర్తుకొస్తాయి. తిన్నగా కొలిస్తే తీరానికి వంద కిలోమీటర్ల లోపే ఉన్న మన కొండ గ్రామాల సంగతి మాత్రం గాలివాన వెలిసిన రెండు మూడు రోజులకు గాని బయటకు రాదు. కొండల్లో ఉప్పెన భయం లేదన్న మాట నిజమే. అయితే వాలున దిగివచ్చే వరద నీరు, నానిన మట్టిగోడ, లేచిపోయే రేకు, తెగిపోయే దారి ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ హెచ్చరిక వెలువడిన రోజున సరిదిద్దుకోగలిగేది కాదు. కాలువ తవ్వడం, గోడ అడుగు కట్టుకోవడం, కప్పును బిగించుకోవడం వంటి పనులన్నీ ముందే పూర్తి కావాలి. అందుకు అయ్యే ఖర్చు కూడా స్వల్పమే. చాలావరకు పార, గునపం, నాలుగు రోజుల శ్రమ చాలు.

తీరం దాటాక కొండల మీదుగా

బంగాళాఖాతంలో ఏటా రెండు కాలాల్లో తుపాన్లు పుడతాయి. మొదటిది ఏప్రిల్ నుంచి జూన్ ఆరంభం వరకు, రెండవది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఉత్తరాంధ్రకు ఎక్కువ ముప్పు సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు నెలాఖరు దాకా ఉంటుంది. నవంబరు తర్వాత పుట్టే తుపాన్లు ఎక్కువగా దక్షిణ కోస్తా, తమిళనాడు వైపు మళ్లుతుంటాయి.

గత అనుభవాలు ఈ సంగతినే చెబుతున్నాయి. 2013 అక్టోబరు 12న పైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా తీరం దాటి అరకు లోయ వరకు విరుచుకుపడింది. కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు విరిగి కాఫీ మొక్కల మీదనే పడ్డాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరాన్ని తాకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం సమీపంలో తీరం దాటింది.

తిత్లీ సమయంలో అత్యంత విషాదకరమైన సంఘటన తీరంలో జరగలేదు. మన పొరుగునే ఉన్న ఒడిశాలోని గజపతి జిల్లా బరఘర అనే కొండ గ్రామంలో జరిగింది. కుండపోత వానకు తట్టుకోలేక గుహలో తలదాచుకున్న వారిపై కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ కొండలూ మన కొండలూ ఒకే తూర్పు కనుమల శ్రేణిలోనివి. అక్కడి సవర గిరిజనులూ ఇక్కడి సవరలూ ఒక్క జాతివారే. గాలికి భయపడి వారు ఎంచుకున్న చోటు నీటికి తట్టుకోలేకపోయింది. కొండ ప్రాంతంలో ఇంటిని కాపాడుకోవాలనుకునే ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది చనిపోయిన తర్వాత తీరం వెంబడి తుపాను ఆశ్రయ భవనాలు వెలిశాయి. ముందస్తు హెచ్చరికలు, తరలింపులు మెరుగుపడటంతో తీరంలో మరణాలు బాగా తగ్గాయి. కొండవాలున పది పన్నెండు ఇళ్లతో ఉండే గూడెంలో అటువంటి భవనం ఉండదు. ఇల్లే ఆశ్రయం కావాలి. లేదంటే ఇల్లు విడిచి ఎక్కడికి చేరుకోవాలో ముందుగానే నిర్ణయించుకోవాలి.

హెచ్చరికల భాష తెలుసుకోవాలి

వాతావరణ శాఖ వాడే మాటలకు కచ్చితమైన కొలతలు ఉన్నాయి. గాలివేగం గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం. 62 నుంచి 88 వరకు తుపాను, 89 నుంచి 117 వరకు తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను అంటారు.

కొండ ప్రాంతం వారు గాలివేగం కంటే వర్షపాతాన్ని ఎక్కువ శ్రద్ధగా గమనించాలి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వర్షం, ఆపైన అత్యంత భారీ వర్షం. పసుపు రంగు హెచ్చరిక గమనిస్తూ ఉండమని, నారింజ రంగు సిద్ధంగా ఉండమని, ఎరుపు రంగు వెంటనే చర్య తీసుకోమని సూచిస్తాయి. తీరం దాటాక తుపాను బలహీనపడి వాయుగుండంగా మారిందన్న వార్త విని కొండవారు నిశ్చింతగా ఉండరాదు. గాలి తగ్గినా వాన తగ్గదు. కొండలను తాకిన మేఘం అక్కడే కురుస్తుంది.

ముందుగా నీటికి దారి

ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరు స్థలంలో ఒక లీటరు నీరు చేరుతుంది. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు గల కప్పు మీద ఒక్క రోజులో 150 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 4,200 లీటర్ల నీరు చూరు నుంచి జారుతుంది. అంటే 200 లీటర్ల డ్రమ్ములు ఇరవై ఒకటి. ఇది కప్పు మీద పడిన నీరు మాత్రమే. ఇంటి వెనుక ఎకరాల కొద్దీ వాలు నుంచి దిగివచ్చే నీరు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ నీటికి దారి లేకపోతే ఇంటి వెనుక గోడనే దారిగా చేసుకుంటుంది.

అందువల్ల అన్నింటికంటే ముందు చేయవలసినది ఇంటికి ఎగువన అడ్డుకాలువ తవ్వడం. ఇందులో కొన్ని మెలకువలు పాటించాలి.

• కాలువ గోడకు ఆనుకుని ఉండరాదు. కనీసం మూడు నాలుగు అడుగుల ఎడం ఉండాలి. గోడ పక్కనే తవ్వితే పునాదే కదులుతుంది.

• నీరు నిలవకుండా ఒక పక్కకు వాలు ఉండాలి. తవ్విన మట్టిని ఇంటి వైపు గట్టుగా వేసి కొట్టాలి.

• కాలువ చివర పొరుగింటి మీదికి గాని, కింది గూడెం మీదికి గాని తెరుచుకోరాదు. సహజమైన గెడ్డలోకో, రాళ్లు పరచిన పల్లంలోకో మళ్లించాలి. గూడెం అంతా కలిసి ఒకే కాలువ తవ్వుకుంటే మేలు.

• జీడి ఆకులు, చెత్త పేరుకుంటే కాలువ ఉన్నా లేనట్టే. సెప్టెంబరులో రెండుసార్లయినా శుభ్రం చేయాలి.

• చూరు నీరు పడేచోట నేల గుంట పడకుండా చదును రాళ్లు పరవాలి.

గోడ అడుగే ఇంటికి ప్రాణం

గాలివాన సమయాల్లో మన ప్రాంతంలో జరిగే మరణాల్లో గోడ కూలి జరిగేవి ముఖ్యమైనవి. మట్టిగోడ పైనుంచి పడిన వానకు అంత త్వరగా చెడదు. అడుగు నానినప్పుడే కూలుతుంది. గోడ అడుగున నీరు చేరగానే మట్టి మెత్తబడి పై బరువు మోయలేక ఒక్కసారిగా ఒరిగిపోతుంది.

పూర్వకాలపు గిరిజన గృహాల్లో ఈ జాగ్రత్త కనిపిస్తుంది. రాతితో ఎత్తుగా కట్టిన అరుగు మీద గోడ లేపి, చూరును బాగా కిందికి దించి, గోడకు వాన తగలకుండా చేసేవారు. తర్వాత వచ్చిన రేకుల ఇళ్లలో అరుగు ఎత్తు తగ్గింది, చూరు కురచబడింది. కొత్తగా కట్టేవారు పునాది మట్టాన్ని నేలకు కనీసం అడుగున్నర, వీలైతే రెండడుగుల ఎత్తున రాతితో కట్టుకోవాలి. పాత ఇంటికి గోడ అడుగున రెండడుగుల ఎత్తు వరకు రాతి పలకలు ఆనించి సిమెంటు పూత వేసుకోవచ్చు. డబ్బు లేనివారు తరిగిన గడ్డి, ఊక, పేడ కలిపి బాగా నానబెట్టిన మట్టితో మందంగా మెత్తితే ఒక కాలం గడుస్తుంది. పగుళ్లు ఉంటే మెత్తేముందు లోతుగా గీకి మట్టి కూరాలి. పైపైన అలికితే పగులు లోపల అలాగే ఉంటుంది. ఎలుక, పందికొక్కు బొరియలను కూడా రాళ్లు, మట్టి కూరి మూయాలి. నీరు మొదట దూరేది అక్కడి నుంచే.

ఇంటి స్థలం కోసం వెనుక కొండను నిలువుగా చెక్కడం నేడు సాధారణమైంది. ఇది ప్రమాదకరం. చెక్కక తప్పనప్పుడు, ఎంత ఎత్తు చెక్కారో కనీసం అంత దూరం ఇంటికీ గట్టుకూ మధ్య వదలాలి. గట్టుకు రాతికట్టడం చేస్తే నీరు బయటకు పోయేందుకు నడుమ రంధ్రాలు తప్పనిసరిగా ఉంచాలి. రంధ్రాలు లేని కట్టడం వెనుక నీరు నిండి కట్టడాన్నే తోసేస్తుంది.

కప్పును గాలి పైకి లాగుతుంది

గాలి కప్పును నెట్టి పడగొడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కప్పు మీదుగా వేగంగా పోయే గాలి దాన్ని పైకి పీలుస్తుంది. గంటకు 120 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 65 నుంచి 70 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. అదే కొలతకు జింకు రేకు బరువు ఐదారు కిలోలు మాత్రమే. అంటే రేకును నిలిపేది దాని బరువు కాదు, దాన్ని బిగించిన తీరు. గాలివేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలవుతుందన్న సంగతీ మరువరాదు. కొండ శిఖరం మీద, రెండు కొండల నడుమ సందులో ఉన్న ఇళ్లకు గాలి తాకిడి మరీ ఎక్కువ.

రేకుల ఇళ్లు: మేకులతో కొట్టిన రేకు గాలికి సులువుగా ఊడుతుంది. కొక్కెం బోల్టులతో వాసాలకు బిగించి, బోల్టు కింద వాచరు వేయాలి. ఇంటి నాలుగు మూలలా, చూరు అంచునా, నడికొప్పునా పీలుడు అధికం కనుక అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. ఏటా ఒకసారి తుప్పు పట్టినవి మార్చాలి. రేకుల మీద బండరాళ్లు, ఇసుక బస్తాలు పెట్టడం సర్వత్రా ఉన్న అలవాటు. రాయి రేకును పట్టి ఉంచలేకపోగా జారి మనుషుల మీద పడుతుంది. సిమెంటు రేకయితే బరువుకు పగులుతుంది. దానికి బదులు రేకుల మీదుగా రెండు మూడు వరుసల ఇనుప తీగ గాని, బలమైన తాడు గాని లాగి ఇరువైపులా నేలలో లోతుగా పాతిన గుంజలకు కట్టాలి.

వాసాలు, దూలాలు: రేకు వాసాన్ని పట్టుకున్నా, వాసం గోడను పట్టుకోకపోతే కప్పు మొత్తం లేస్తుంది. దూలాన్ని గోడలోకి అడుగున్నర లోతు దిగిన ఇనుప పట్టీతో బంధించాలి. కర్ర నిట్టాళ్ల ఇళ్లలో నిట్టాడుకూ దూలానికీ మధ్య తీగతో బిగుతుగా చుట్టాలి. నేలలో ఉన్న భాగం చెదలు తిన్నదేమో గునపంతో పొడిచి చూడాలి.

గడ్డి ఇళ్లు: పాత గడ్డి బరువెక్కి, కుళ్లి ఉంటుంది. చలికాలంలో గడ్డి కోసిన వెంటనే కొత్త కప్పు వేసుకోవడం ఉత్తమం. గాలి కాలానికి ముందు వెదురు బద్దలు అడ్డంగా పరచి, అడ్డనార లేక కొబ్బరితాడుతో వలలా అల్లి చూరు కింద వాసాలకు కట్టాలి.

పెంకుటిళ్లు: చూరు వరుస, కొప్పు వరుస, పక్క అంచుల పెంకులను సున్నం లేక సిమెంటుతో అతికించాలి. మధ్య పెంకుల్లో పగిలినవి మారిస్తే చాలు.

వసారా కప్పును ఇంటి కప్పుతో కలిపి ఒకే వాసం మీద వేయరాదు. వసారా కింద చేరిన గాలి దాన్ని లేపినప్పుడు ఇంటి కప్పునూ వెంట తీసుకుపోతుంది. రెండూ విడిగా ఉంటే నష్టం వసారాతో ఆగుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకం వంటి వాటి కింద కొండ సవర, గదబ వంటి ఆదిమ తెగల వారికి పక్కా ఇళ్లు మంజూరవుతున్నాయి. శ్లాబు ఇంటికి గాలి భయం చాలావరకు తప్పుతుంది. కాని గెడ్డ ఒడ్డునో, చెక్కిన గట్టు కిందనో కడితే ఆ శ్లాబు కూడా కాపాడలేదు. స్థలం ఎంపికే మొదటి జాగ్రత్త.

తలుపులు, చెట్లు, విద్యుత్తు

గాలి వీచే వైపు కిటికీలు తెరిచి ఉంచితే ఒత్తిడి సమానమై కప్పు నిలుస్తుందన్న నమ్మకం సరికాదు. లోపలికి చొరబడిన గాలి కప్పును కింది నుంచి నెడుతుంది, పైనుంచి పీలుడు తోడవుతుంది. తలుపులు, కిటికీలు అన్నీ మూసి, లోపలి నుంచి అడ్డకర్ర వేయాలి. బలహీనమైన తలుపుకు చెక్క పలక అదనంగా కొట్టుకోవాలి.

ఇంటి మీదికి వాలిన జీడి, పనస, చింత కొమ్మలను ఆగస్టులోనే నరికించాలి. చెట్టును మొదలంటా కొట్టనవసరం లేదు. ఎండిన, బోలుగా ఉన్న కొమ్మలు తీసి తల పలచన చేస్తే గాలి దూసుకుపోతుంది. వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి కనుక వాలున ఉన్న చెట్ల మొదళ్లు తవ్వరాదు.

గాలి పెరగగానే ఇంటి మెయిన్ స్విచ్ ఆపాలి. తెగిపడిన తీగను, దానికి ఆనుకున్న తడి కంచెను తాకరాదు. పశువులను తీగల కింద, పాత గోడల పక్కన కట్టేయవద్దు. పలుపు విప్పి మెరక మీదికి తోలడం మంచిది. తీగ తెగితే 1912 నంబరుకు తెలపాలి.

కొండ ముందే చెబుతుంది

కొండచరియ విరగడానికి ముందు కొన్ని సంకేతాలు కనిపిస్తాయి. వాటిని పిల్లలకు కూడా నేర్పాలి.

• ఇంటి వెనుక నేలలో కొత్తగా నెర్రెలు రావడం, పాత నెర్రెలు వెడల్పు కావడం.

• చెట్లు, స్తంభాలు, కంచె గుంజలు ఒక పక్కకు ఒరగడం.

• ఇదివరకు సులువుగా మూసుకునే తలుపు బిగుసుకుపోవడం.

• ఎన్నడూ లేనిచోట ఊట పుట్టడం, తేటగా ఉండే ఊట బురదగా మారడం.

• వాన కురుస్తూ ఉండగానే గెడ్డలో నీరు హఠాత్తుగా తగ్గడం. ఎగువన మట్టి అడ్డుపడి నీరు నిలిచిందనడానికి ఇది గుర్తు. ఆ కట్ట తెగితే ఒక్క ఉదుటున వస్తుంది.

• కొండ మీద నుంచి రాళ్లు దొర్లే చప్పుడు, మూలుగు వంటి ధ్వని.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి అని, వాన అని చూడక ఇల్లు విడవాలి. వాలుకు అడ్డంగా పక్కకు నడవాలి. గెడ్డ వెంబడి కిందికి పరుగెత్తరాదు. గుహలు, బండల చాటు, నిలువు గట్ల కింద తలదాచుకోరాదు. ఆశ్రమ పాఠశాల, అంగన్‌వాడీ వంటి పక్కా భవనాల్లో ఏది వాలుకు దూరంగా ఉందో వేసవిలోనే చూసి పెట్టుకోవాలి. అక్కడికి చేరేందుకు గెడ్డ దాటవలసి వస్తే వాన ముదరక ముందే వెళ్లాలి.

దారి తెగితే వారం రోజులు

తిత్లీ తర్వాత ఉద్దానంలో, హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. దారి మీద చెట్టు పడినా, గెడ్డ పొంగినా కొండ గ్రామానికి సాయం అందడం ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే కనీసం వారం రోజులకు సరిపడా బియ్యం, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టెలు, ఎండు కట్టెలు అటక మీద ఉండాలి. టార్చి, దానికి కొత్త బ్యాటరీలు, చిన్న రేడియో, బరకం, తాడు, కత్తి, ఓఆర్‌ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్లలు, దోమతెర, నిత్యం వాడే మందులు ఒకేచోట పెట్టుకోవాలి. మంచినీటిని మూత ఉన్న బిందెల్లో ముందే నింపాలి.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, అటవీ హక్కుల పట్టా ప్లాస్టిక్ సంచిలో చుట్టి నడికొప్పు కింద కాక, వెంట తీసుకుపోయే సంచిలో ఉంచాలి. పట్టా తడిసిపోతే మళ్లీ తెచ్చుకోవడానికి ఎన్ని తిరుగుళ్లో అందరికీ తెలిసిందే.

నెలలు నిండిన గర్భిణులను, మంచాన ఉన్న వృద్ధులను వాన మొదలుకాక ముందే భద్రగిరి ప్రభుత్వ ఆసుపత్రికి గాని, దారి సౌకర్యం ఉన్న బంధువుల ఇంటికి గాని చేర్చాలి. కొండ శిఖర గ్రామాల గర్భిణుల కోసం పార్వతీపురం ఐటీడీఏ 2018లో సాలూరులో వసతి గృహం ప్రారంభించింది కూడా ఈ అవసరం గుర్తించే. పొంగిన గెడ్డ మీదుగా డోలీ మోయడం కంటే నాలుగు రోజుల ముందు నడిపించి తీసుకురావడం ఎంతో సులువు.

వాన వెలిసాక

వాన ఆగింది కదా అని వెంటనే మట్టింట్లోకి వెళ్లి పడుకోరాదు. నానిన గోడ ఒకటి రెండు రోజుల తర్వాత, ఎండ కాస్తుండగా కూలిన సందర్భాలు ఉంటాయి. బయటి నుంచి నాలుగు గోడలూ చూసి, అడుగు ఉబ్బినా, వాలు కనిపించినా దుంగలతో ఊతం పెట్టి, దూరంగా బరకం కింద ఉండాలి. గోడ పూర్తిగా ఆరకుండా మెత్తరాదు.

ఊటనీటిని మరిగించి చల్లార్చి తాగాలి. తడిసిన కట్టెలు, రేకుల కుప్పల కింద పాములు, తేళ్లు చేరతాయి. కర్రతో కదిలించి గాని చేయి పెట్టరాదు. పాము కాటుకు గాటు పెట్టడం, బిగించి కట్టడం మాని వెంటనే ఆసుపత్రికి తరలించాలి. గుంటల్లో నిలిచిన నీటిని తోడేయకపోతే దోమలు పెరిగి మలేరియా విజృంభిస్తుంది.

పాడైన ఇంటిని సరిచేయకముందే ఫొటోలు తీయించాలి. మంచి స్థితిలో ఉన్నప్పటి ఫొటో కూడా ఉంటే నష్ట పరిశీలనకు వచ్చిన సిబ్బందికి చూపడం తేలిక. నష్టం వివరాలను పంచాయతీ, తహసీల్దారు కార్యాలయాల్లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఏ నెలలో ఏ పని

జనవరి - మార్చి: గడ్డి కోత, కొత్త కప్పు, నిట్టాళ్ల పరీక్ష.

ఏప్రిల్ - మే: పునాది, అరుగు, గోడ అడుగు పనులు. ఆశ్రయానికి భవనం ఎంపిక.

జూన్ - జులై: అడ్డుకాలువ తవ్వకం. తొలకరి వానలో నీరు ఎటు పోతోందో చూసి సరిచేయడం.

ఆగస్టు: కొమ్మల నరుకుడు, రేకుల బోల్టుల బిగింపు.

సెప్టెంబరు: కాలువ శుభ్రం, కప్పుకు తాళ్లు, తిండిగింజలు, మందులు, కాగితాల సంచి.

అక్టోబరు - నవంబరు: రోజూ ఉదయం, సాయంత్రం రేడియో వార్తలు. ఎరుపు హెచ్చరిక వస్తే పగటి వెలుగులోనే తరలింపు.

అత్యవసర ఫోన్ నంబర్లు: రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూమ్ 1070, 18004250101. పోలీసు, ఇతర అత్యవసర సేవలు 112. అంబులెన్సు 108. విద్యుత్తు 1912. ఫోన్ సంకేతాలు అందని గూడేల వారు, సంకేతాలు దొరికే దగ్గరి మెరక ఏదో, అక్కడికి వెళ్లి కబురు తేవలసింది ఎవరో ముందుగానే నిర్ణయించుకోవడం మంచిది.